ఐదు మాటల బావి

2001 జులై 8, ఆదివారం

ఆ పొద్దు ఏమి జరిగిందో చెప్పమని తమ్ముడు విష్ణు మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఏమీ జరగలేదని మళ్ళీ మళ్ళీ చెప్పాను. నమ్మలేదు. ఏమీ జరగని పొద్దును రాసిపెట్టుకుంటే నాకైనా నమ్మకం కుదురుతుందని ఈ డైరీ తెరిచాను. ఎరువుల కొట్టువాళ్ళు జనవరిలో ఇచ్చింది. ఇన్నాళ్ళూ దేవుని గూట్లో అగ్గిపెట్టె కింద ఉంది.

జూన్ మొదటి వారం. చెల్లెలు ప్రసూన, బడి తెరిచేలోగా నాలుగు రోజులుండి పోదామని రాయదుర్గం నుంచి వచ్చింది. ఎప్పటిలాగే వెలుతురు రాకముందే లేచాను. చెంబుతో రెండుసార్లు తలమీద పోసుకున్నాను. కరువు స్నానం అంతే. తడి చీరతోనే పెరట్లోకి పోయి ఇత్తడి బిందె మెడకు చేంతాడు బిగించాను. గిలక మీద వేసి వదిలాను. తాడు సగం దాటాక గిలక కీచుమంటుంది, ఎప్పుడూ అక్కడే. అడుగున బిందె రాతికి తగిలి ఠంగుమంది. కొంచెం ఆగి పైకి లాగాను. కొంగుతో తుడిచాను. తర్వాత వాకిట్లో డ్రమ్ము దగ్గరికి పోయి అదే బిందె నింపుకున్నాను. డ్రమ్ములోవి విష్ణు తోట బోరు నీళ్ళు, ట్యాంకరులో వస్తాయి. తులసికి చెంబెడు. ఆంజనేయుని పటం ముందర ఉద్ధరిణెడు. దీపం. రామనామం.

దేవుని నీళ్ళు ఇంటి బావిలోవే కావాలి, సొంత చేతులతో తోడాలి, తోడేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు. ఇది అమ్మ పద్ధతి. నేను అత్తగారింటి నుంచి తిరిగొచ్చిన ఏడాదే అమ్మ పోయింది కాబట్టి నా పద్ధతి అయింది. బావి ఎండి రెండేళ్ళయింది. అయినా బిందె దించుతాను. నీళ్ళొచ్చినాయేమో చూడాలి కదా. చూడకపోతే ఎట్లా తెలుస్తుంది? చూడ్డానికే.

ప్రసూన బట్టలుతికే బండ మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ ఉంది. జపం అయ్యాక అడిగింది.

"అక్కా, ఏమొచ్చె?"

"ఏమీ రాలే."

మళ్ళీ నోట్లో బ్రష్షు పెట్టుకుంది. టీ తాగాం. మరదలు ఇంద్రాణి పొద్దెక్కినాక లేచి రేడియో పెట్టింది. విత్తనం వేరుశనగ బుడ్డలు ఒలవడానికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. వాన ఎట్లాగూ లేదు కనుక తొందర లేకుండా ఒలిచారు. అంతే. ఆ పొద్దు అంతే.

ఈ రోజు ఆదివారం పేపర్లో జిల్లా పేజీలో ప్రసూన పద్యం అచ్చయింది. బాగా ఖాళీ వదిలి, మధ్యలో:

బావి ఎండిపోయింది
తెల్లవారగానే
గిలక చప్పుడు

కింద ప్రసూన పేరు. పక్కనున్న తలనొప్పి మాత్రల ప్రకటనలో ఇంతకంటే ఎక్కువ సంగతి ఉందని ఇంద్రాణి అంది.

విష్ణు నవ్వలేదు. పేపరు రెండు చేతులా పట్టుకుని నిలబడే చదివాడు. వచ్చే నెల సర్పంచి ఎలక్షను. నిలబడింది మా విష్ణువర్ధనుడు. పోయిన ఎండాకాలం ఊరి బావి పూడిక తీసిన పనీ వాడిదే. కూలికి బియ్యం ఇచ్చే పథకం. పూడిక ఎంత పైకొచ్చిందో, బియ్యం ఎటు పోయిందో, ఊరిది ఒక లెక్క, విష్ణుది ఒక లెక్క. నాకు లెక్కలు రావు.

"అక్కా, ఇది నన్నే అనింది."

"నీ పేరు యాడుంది?"

"అదే గదా! పేరు లేదు. పేరుంటే నేను కాదని చెప్పొచ్చు."

మా తమ్ముడు కవిత్వం చదివాడు. నాయన ఉంటే సంతోషపడేవాడు.

జులై 9

ఇంద్రాణి ఈ రోజు నాతో మాట్లాడలేదు. నాకంటే ముందే లేచి కూర్చుంది. వాకిలి ఊడుస్తుంటే చీపురు చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు కారణం బయటికి వచ్చింది. 'తెల్లవారగానే' అనే మాట తనదేనట.

"నేను పొద్దెక్కేదాకా పండుకుంటానని లోకానికి చెప్పాల్నా వదినా?"

లోకం అంటే జిల్లా పేజీ.

ఐదు మాటలు. బావి, గిలక విష్ణు తీసుకున్నాడు. తెల్లవారడం ఇంద్రాణి తీసుకుంది. మిగిలిన వాటికి ఎవరొస్తారో.

జులై 11

మిగిలినవన్నీ వెంకటేశులు తీసుకున్నాడు. విష్ణు మీద పోటీకి నిలబడినవాడు.

విష్ణు ట్రాక్టరు నడిపే కుళ్ళాయప్ప పరుగున వచ్చి చెప్పాడు. "అమ్మా, మన ప్రసూనమ్మ పద్యం గోడెక్కిండాది! బస్టాండు కాడ. ఎర్ర జాజురంగుతో, ఇంతింత అచ్చరాలు. చదువు రానోళ్ళు గూడా చదువుతాండారు."

"చదువు రానోళ్ళు ఎట్ల చదువుతారప్పా?"

"ఒగడు చదివితే సాలు గదమ్మా, నోట్లో నిలబడిపోతాది. మూడు లైన్లే కదా."

అదే గోడ మీద విష్ణుది కూడా ఉందట. 'విద్యావంతుడు, వినయశీలి, రైతుబిడ్డ అయిన విష్ణువర్ధన్ గారినే అఖండ మెజారిటీతో గెలిపించవలసిందిగా' వరకు గోడ సరిపోయింది. 'కోరుచున్నాము' పక్క సందులోకి తిరిగింది. ఆ సందులోకి జనం పోయే పని వేరే.

"పొడుగ్గా రాసింటే ఈ బాధ లేకపాయ," అన్నాడు విష్ణు. "ఏ గోడా చాలేది కాదు."

కవిత్వం గురించి మా ఇంట్లో ఇంత మంచి మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు.

జులై 13

విష్ణు రాయదుర్గానికి ఫోన్ చేశాడు. నేను ఒకవైపే విన్నాను.

"ఒగ లైను కలుపమ్మా... ఏం లేదు, 'ఇది మా ఊరి బావి కాదు' అని... చిన్న లైనే... ఎందుకు కలవదు? నువ్వే గదా రాసింది... కలిపితే చచ్చిపోతుందా? అది ఏమన్నా మనిషా?... యా పుస్తకం?... దాని పేరేనా?"

ఫోను పెట్టేసి నా పక్కన కూర్చున్నాడు.

ప్రసూన పదేళ్ళుగా రాసిన మూడేసి లైన్లన్నీ కలిపి పుస్తకం వేస్తోందట. అనంతపురంలో ప్రెస్సుకు పోయింది. పుస్తకం పేరు 'గిలక చప్పుడు'. మొదటి పేజీలో ఇదే. పోలింగుకు ముందు ఆదివారం లైబ్రరీ హాల్లో విడుదల. ఇది తీసేస్తే పుస్తకమే వద్దు అందట.

"పదేండ్లు రాసిండాది," అన్నాడు విష్ణు. "అంతా కలిపితే నా కరపత్రం అంత లేదు."

జులై 15, ఆదివారం

ప్రసూన వచ్చింది. మొగుని కుట్టుమిషన్ల యూనిట్లో జీన్సు లోడు పోవాల్సి ఉందని అతణ్ణి అక్కడే ఉంచి ఒక్కతే వచ్చింది. విష్ణు హనుమంతరాయుడు సారును కూడా పిలిపించాడు. రిటైరైన తెలుగు సారు. చుట్టుపక్కల ఏ పెళ్ళయినా ఆశీర్వచన పద్యాలు ఆయనవే. వధూవరుల పేర్లతో మొదలుపెట్టి తాత ముత్తాతల వరకు పోతాడు. ఆయన చదువుతుండగా భోజనాలు అయిపోయిన పెళ్ళిళ్ళు నేను చూశాను.

సారు అద్దాలు పెట్టుకుని మూడు లైన్లూ చదివాడు. కాగితం తిప్పి వెనక చూశాడు. మిగతాది అక్కడ ఉందనుకున్నట్టుంది.

"భావం బాగుండాదమ్మా. కానీ గిలక దానంతట అది తిరగదు. ఎవరు లాగుతాండారు?"

"అది రాయలేదు సారూ."

"రాయకపోతే ఎట్ల తెలుస్తాది?"

"తెలియలేదని ఎవరన్నారు? ఊరికంతా తెలిసిపోయిందనే గదా మా అన్న నన్ను పిలిపించింది."

సారు అద్దాలు తుడుచుకున్నాడు. అయినా పని ఆగలేదు. చాప పరిచారు. తలా ఒక లైను చెప్పారు. విష్ణుకు ఊరి బావి సంగతి తేలాలి. ఇంద్రాణికి కాఫీ సంగతి తేలాలి. సారుకు భాష. టిఫిను వేళకు ఇట్లా తయారైంది:

కరువు వలన బావి ఎండిపోయింది
అది ఊరి బావి కాదు
పూడిక తీసినను నీరు పడనిది ప్రకృతి దోషము
తెల్లవారగానే అందరును లేచిరి
ఇల్లాలు కాఫీ పెట్టిన పిమ్మట
గిలక చప్పుడు
అది గాలికి వచ్చెను
త్వరలోనే నీరు వచ్చును

ఆఖరు లైను సారుది. ఆశావాదం లేనిదే కవిత్వం కాదట. వాన సంగతి సారు చెబితే అయిపోయేటట్టుంటే మా ఊరు ఎప్పుడో కోనసీమ అయ్యేది.

ప్రసూన గట్టిగా చదివింది. చక్కగా, బడిలో చదివినట్టు. చదివి మడతపెట్టి సారు చేతికిచ్చింది. "బాగుండాది సారూ. మీ పేరు మీద వేయిద్దాం."

సారు ముఖం కొంచెంసేపు వెలిగింది. తర్వాత ఆలోచించుకున్నాడు.

"ఎగతాళి చాలు," అన్నాడు విష్ణు. "నువ్వు నీ మూడు లైన్లు చూసుకుంటాండావు. నేను ఓడిపోతే ఈ ఊర్లో తలెత్తుకోని తిరగాల్సింది నేను."

"నీ తల గురించి నేను రాయలేదన్నా."

"మరెవరి గురించి రాసినావు? అది చెప్పు, చాలు."

చెప్పలేదు. ప్రెస్సువాళ్ళు ఆగస్టు ఆరు వరకు ఆగుతారట. ఐదో తేదీ ఆదివారం అందరం కూర్చుని తేలుద్దామన్నాడు విష్ణు. "పెద్దక్క ఏమంటే అదే."

అందరూ నా వైపు చూశారు. దీపంలో వత్తి ఎగదోశాను.

జులై 16

ప్రసూన మొదటి బస్సుకు పోయింది. పోయేముందు బండ మీద కూర్చుంది. నేను బిందె దించడం, లాగడం, తుడవడం అన్నీ చూసింది. జపం అయ్యాక నేనే అడిగాను. నేను అడగడం తక్కువ.

"అది రాసేటప్పుడు మొదట ఎన్ని లైన్లు?"

"పేజీ నిండా ఉండె. అక్కా, నేను రాసింది నిన్ను చూసే. తెల్దా?"

"తెల్దు."

"మొదట్లో 'అక్క' అని ఉండె. 'ఆశ' అని గూడా ఉండె. ఆశను ముందు తీసేసినా. అది ఉంటే చదివినోళ్ళు అయ్యో పాపం అనుకోని పేజీ తిప్పుతారు. మనం చెప్పేస్తే ఇంగ వాళ్ళకు పనేముంది?"

"అక్కను?"

"అక్కను తీసేయనీకే నెల పట్టె."

"అంత బరువా?"

"నవ్వద్దు. నువ్వుంటే అందరూ నిన్ను చూసి పోతారు. నువ్వు లేకపోతే తాడు ఖాళీగా ఉంటాది. ఎవరికి వాళ్ళు వచ్చి పట్టుకుంటారు. నేను చేసిందల్లా తీయడమే, అక్కా. తీసి, ఆడ చెయ్యి పెట్టేంత చోటు వదలడం."

ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా తాడు పట్టుకోవడానికి ఒక్కరూ రాలేదు. ఇప్పుడు జిల్లా అంతా వచ్చి పట్టుకుంటోందట. నేను లేకుండా పోతే గానీ చోటు కుదరలేదు. కవిత్వం గొప్పదే.

"నేను నీళ్ళొచ్చినాయేమో చూడ్డానికి దించుతాను. అంతే," అన్నాను.

"నేనూ అదే రాసినా."

"నువ్వు రాసింది అది కాదు."

"మరి ఏమి రాసినా?"

బస్సు హారన్ కొట్టింది. మంచి బస్సు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది ఈ రోజు సమయానికి వచ్చింది.

జులై 17

ఆ పద్యం ఊర్లో అందరికీ తగిలింది. నాకేమీ తగల్లేదు.

జులై 19

జపం మధ్యలో ఆగిపోయాను.

రామ అంటే రెండక్షరాలు. ఎవరు పిలుస్తున్నారు, ఎందుకు, ఏమి కావాలి అని ఒక్క మాట లేదు. హనుమంతరాయుడు సారు చేతికిస్తే దీనికీ ఏడు లైన్లు కలుపుతాడు. 'కరువు వలన ఓ రామా' అని మొదలుపెడతాడు. చిన్నప్పుడు నాకు పెద్ద స్తోత్రాలు నోటికి వచ్చేవి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందర చదివించేవాళ్ళు. తిరిగొచ్చిన ఏడాది అవన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి. రెండక్షరాలు మిగిలాయి. మోయగలిగింది అంతే అనుకుంటాను. చిన్న మాటను రోజూ మోయొచ్చు. లోపల ఏమి పెట్టుకున్నా పడుతుంది, ఎవరికీ కనిపించదు.

ప్రసూన మూడు లైన్లు కూడా అట్లాగే నోట్లో పడ్డాయి. పోవు. ఈ రోజు రామ అనబోయి గిలక అన్నాను. లెంపలు వేసుకున్నాను.

నాకేమీ తగల్లేదు.

జులై 21

గిలకకు ఆముదం వేశాను. చప్పుడే లేకపోతే ఎవరికీ బాధ లేదు కదా.

పోలేదు. కొంచెం సన్నబడింది. ప్రసూన సవరించినట్టు.

జులై 24

మేఘాలు వచ్చాయి. కర్ణాటక వైపు పోయాయి. వాటికి ఓట్లు అక్కడ ఉన్నట్టుంది.

జులై 27

విష్ణు ఉత్సాహంగా ఉన్నాడు. ఇది మంచి లక్షణం కాదు. పేపరు విలేఖరి ఆదివారం వస్తాడట, రచయిత్రి పుట్టింటి బావిని ఫోటో తీస్తాడట.

"రేపు శనివారం భజనకు పోతావు గదక్కా?"

"పోతా."

"పో. నిదానంగా రా. తొందరేం లేదు."

మా తమ్ముడు నా భక్తి గురించి ఆలోచించడం ఇదే మొదలు.

జులై 29, ఆదివారం, పొద్దున

నీళ్ళొచ్చినాయి.

బిందె ఠంగుమనలేదు. మెత్తగా ఒరిగి మునిగింది. తాడు బిగిసింది. ఏమైందో నాకు అర్థం కాలేదు, చేతులకు అర్థమైంది. ఆ బరువు వాటికి గుర్తుంది. సగానికి లాగి ఆగాను, ఊపిరి అందక. పైకి వచ్చింది నిండు బిందె. తొణికి నా కాళ్ళ మీద పడింది.

దేవుని ముందర పెట్టాను. రామ అనలేకపోయాను. చాలాసేపు ఏడ్చాను. ఇంద్రాణిని కూడా లేపలేదు.

ఇంకేమీ రాయను.

అదే రోజు, మధ్యాహ్నం

ట్యాంకరు నీళ్ళు.

నిన్న నేను భజనలో ఉండగా కుళ్ళాయప్ప రెండు ట్యాంకర్లు తెచ్చి బావిలో పోశాడు. విష్ణు పొయ్యమన్నాడు. ఐదు మాటల్లో మొదటి రెండు మాటలు అబద్ధమని ఫోటోతో రుజువు చేయడానికి. పద్యానికి జవాబుగా ట్యాంకరు పంపినవాడు ఇంకొకడు ఉంటాడనుకోను.

విలేఖరి వచ్చాడు. విష్ణు తెల్లచొక్కా వేసుకుని గిలక దగ్గర నిలబడి తాడు పట్టుకుని నవ్వాడు. "అది కవిత్వం అన్నా, ఇది వాస్తవం," అని చెప్పాడు. అంతలో వీధి ఆడవాళ్ళు బిందెలతో వచ్చేశారు. తిమ్మక్క పూజ, అంటే నా పూజ, ఫలించిందని ఒకామె బావి గోడకు కుంకుమ పెట్టింది. ఒకామె నా కాళ్ళకు దండం పెట్టింది. వద్దన్నాను. వద్దనేవాళ్ళకే పెట్టాలట. పన్నెండు కాకముందే బావి అడుగు కనిపించింది. వాళ్ళు తోడుకున్నది సగం. మిగతాది నేల తాగింది. రెండేళ్ళుగా దానికీ దప్పికే, దాన్ని ఏమనలేం.

కుళ్ళాయప్ప పెరటి వాకిట్లో నిలబడి తువ్వాలు నలుపుతూ చెప్పాడు ఈ సంగతి. "అమ్మా, పొద్దున్నే మీరు దేవునికి తోడతారని నాకు తెల్దమ్మా. తెలిసింటే పోసేవాణ్ణి కాదు. మా ఇంటిది పొద్దున్నే ఇటు వచ్చి చూసిందంట, మీరు ఏడ్చినారని ఇప్పుడు చెప్పె. యాల చెప్పకుండా పోసితివి అని నన్ను తిట్టె."

"నువ్వేం చేసినావులేప్పా. పొయ్యమన్నారు, పోసినావు."

విష్ణు కూడా వచ్చాడు.

"నువ్వింకా ఆ బావిలో దించుతాండావా అక్కా? రోజూనా?"

"చూడ్డానికే."

"ఒగే ఇంట్లో ఉండి నాకు తెల్దే." బావి వైపు చూసి అన్నాడు, "ఏమైతేనేం, దేవునికి నీళ్ళయితే వచ్చె గదా."

వచ్చాయి. దేవుడు పలికాడనుకున్నాను. పలికింది మా తోట బోరు.

జులై 30

రాయడానికేమీ లేదు.

ఆగస్టు 1

బావి దగ్గరికి పోలేదు. నిన్నా పోలేదు. నేరుగా డ్రమ్ములోనే ముంచుకున్నాను. ఏమీ తేడా లేదు.

విష్ణు ఫోటో పేపర్లో వచ్చింది. వెంకటేశులు మనుషులు దాన్ని కత్తిరించి బస్టాండు గోడ మీద ఆ మూడు లైన్ల కింద అతికించారు. ఇప్పుడు ఎవరు లాగుతున్నారని ఎవరూ అడగడం లేదు. తాడు ఖాళీగా ఉంటే ఎవరికి వాళ్ళు వచ్చి పట్టుకుంటారని ప్రసూన అంది. విష్ణు ఫోటోతో సహా పట్టుకున్నాడు.

ఇంత వరకు ఇది నవ్వే సంగతి. కానీ విష్ణు రాత్రి అన్నం తినలేదు. చిన్నప్పుడు లెక్కల్లో తప్పినప్పుడు కూర్చున్నట్టు కూర్చున్నాడు, మోకాళ్ళు పట్టుకుని.

ఆగస్టు 2

తేడా లేదు.

ఆగస్టు 3

పోయాను. చూడ్డానికే.

ఠంగుమంది. ఖాళీగానే పైకి వచ్చింది. ఇది మాత్రం ఎవరూ పోయలేదు.

గిలక పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత రామ అనగలిగాను.

ఆగస్టు 5, ఆదివారం

చాప పరిచారు. విష్ణు, ఇంద్రాణి, ప్రసూన, నేను. సారును పిలవలేదు. పిలవకపోయినా పద్యాలు పంపించాడు, సాయంత్రం గాలికి ఎగరకుండా చాప అంచున పెట్టుకోవడానికి పనికొచ్చాయి.

రేపు ప్రెస్సుకు చెప్పాలి.

"తీసేయమ్మా," అన్నాడు విష్ణు. గొంతులో అధికారం లేదు. "బతిమాలుకుంటాండా. ఎలక్షను అయినాక ఇంగో పుస్తకం వేసుకో. నేనే వేయిస్తా."

"ఇది తీస్తే మిగతావన్నీ గూడా వద్దన్నా. పదేండ్లు రాసి ఇప్పుడు ఇది ఒగటి కుదిరె."

"అయితే అది ఎవరో చెప్పు. నాకిప్పుడు తెలిసింది గదా. హాల్లో మైకు పట్టుకోని చెప్పు, 'ఇది మా అక్క, ఎండిపోయిన బావిలో రోజూ బిందె దించుతాది' అని. పేపరోళ్ళు రాసుకుంటారు. నేను బతికిపోతా. నీ లైన్లు గూడా ఉన్నట్టే ఉంటాయి."

న్యాయమైన మాటే. ఇన్నాళ్ళలో విష్ణు చెప్పిన మాటల్లో ఇదొక్కటే పొట్టిగా, సరిగ్గా ఉంది.

ప్రసూన తల అడ్డంగా ఊపింది. "చెప్తే ఇంగ అది పద్యం కాదు. అక్క గురించి వార్త."

"పద్యం పోతే నువ్వు ఇంగోటి రాస్తావు. నా పరువు పోతే?"

"అన్నా, నువ్వు ఆ బియ్యం సంగతి..."

"ప్రసూనా," అన్నాను. ఆగింది. ఆ మాట పూర్తయి ఉంటే ఈ చాప మీద మళ్ళీ అందరం కూర్చునేవాళ్ళం కాదు.

అందరూ నా వైపు తిరిగారు. ఇంద్రాణి కూడా. పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవలేదు.

"అక్కా, నువ్వు చెప్పు," అన్నాడు విష్ణు. "నువ్వేమంటే అదే అంటి గదా."

"మార్చొద్దు," అన్నాను. "ఎవరో చెప్పొద్దు."

"ఎందుకక్కా? నీకు నామోషీనా?"

"అది నేను కాదు."

"నువ్వు కాకపోతే ఎవరక్కా?"

"రాయలేదు కదా."

ప్రసూన నన్నే చూస్తూ ఉంది. కళ్ళు తుడుచుకుంది. ఆమెకు నేను కవిత్వం అర్థం చేసుకున్నదాన్ని అయ్యాను. కానీ మైకులో నా పేరు వింటూ హాల్లో కూర్చోవడం తలుచుకున్నాను, అంతే. రోజూ పొద్దున నేనేమి చేస్తానో తెలిసినవాడు పటంలో ఒకడున్నాడు. ఆయనే ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మైకులో దేనికి?

విష్ణు చాలాసేపు చాప ఈనెలు పీకాడు.

"సరే. ఉండనీ. కానీ ఆ గిలక మనింట్లో ఉండకూడదు. రేపు ఇంగో పేపరోడు వస్తాడు, ఈ తూరి అక్కే దొరుకుతాది. తమ్మునికి ట్యాంకర్లుండి గూడా అక్క ఎండిన బావి తోడతాంది అని రాస్తాడు. బావి మీద బండ వేసేద్దాం. బావీ లేదు, గిలకా లేదు. ఇంగ అది ఎవరి గురించో ఎవరికీ తెలీదు. ప్రసూనకు గూడా అదే గదా కావాల్సింది?"

"మంచిదే," అంది ఇంద్రాణి. "వీధి పిల్లోళ్ళు ఆడికే పోయి ఆడుకుంటారు. నాకెప్పట్నుంచో భయమే."

ప్రసూన నోరు తెరిచింది. విష్ణును చూసింది. నన్ను చూసింది. మూసింది.

ఆమెను ఏమీ అనను. తీయడం ఆమె పని. నెల పట్టింది పోయినసారి. ఈసారి కొంచెం తొందరగా అయింది.

పాలు పొంగిపోయాయి. ఇంద్రాణి లేచింది. తేలింది ఇది: పద్యం ఉన్నది ఉన్నట్టు మొదటి పేజీలో ఉంటుంది. ఎవరి గురించి అని అడిగితే ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పరు. లైబ్రరీ హాల్లో దీపం నేను వెలిగించాలి, మాట్లాడనక్కర్లేదు. బావి మీద బండ వేస్తారు. గిలక విప్పడానికి కుళ్ళాయప్పను రేపు తెల్లవారగానే రమ్మంటారు.

కొంచెం పొద్దెక్కినాక రమ్మనండి అన్నాను.

అందుకు అందరూ ఒప్పుకున్నారు.